చెయ్యేటిని మొదలు నుంచి చివర దాకా ఒకే నదిగా చూడండి: అధికారులకు, ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

జలవనరులు, రెవెన్యూ, గనులు, విపత్తు నిర్వహణ బాధ్యతలు చూస్తున్న అధికారులకు, చెయ్యేటి పరీవాహక ప్రాంతపు ప్రజాప్రతినిధులకు,

నమస్కారాలు.

చెయ్యేటి ఒడ్డున సేద్యం మీద, కూలి మీద బతికే గ్రామాల తరఫున ఈ లేఖ రాస్తున్నాం. ఏటి హద్దులు కొలిపించి రాళ్లు పాతించమని, ఎగువన వరద మొదలైన వెంటనే ఆ కబురు మా ఊళ్ల దాకా చేరే ఏర్పాటు చేయమని మేము పెట్టుకున్న అర్జీలు ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి వెళ్లి, ఇది మా పరిధిలోది కాదన్న జవాబుతో ఆగిపోయాయి. ఆ జవాబు చెప్పినవారిని మేము తప్పుపట్టడం లేదు. నిజంగానే ఈ ఏరు మొత్తంగా ఎవరి పరిధిలోనూ లేదు. కట్ట ఒకరిది, కట్ట కింద ఇసుక మరొకరిది, ఒడ్డున భూమి ఇంకొకరిది, వంతెన వేరొకరిది. వరద మాత్రం ఈ పరిధులన్నిటినీ ఒకే రాత్రి దాటి వస్తుంది. ఏటిని ముక్కలుగా కాకుండా పుట్టిన చోటి నుంచి పెన్నలో కలిసే చోటి దాకా ఒకే నదిగా చూసి నిర్ణయాలు చేయమని అడగడానికే ఈ బహిరంగ లేఖ.

ముందుగా ఏటి దారిని గుర్తుచేయనివ్వండి. మీలో చాలామందికి తెలిసిన విషయమే అయినా, మా కోరికలన్నీ ఆ దారిలోంచే పుట్టాయి కాబట్టి చెప్పక తప్పదు.

పెన్నకు కుడి వైపు నుంచి వచ్చి కలిసే ఉపనదుల్లో చిత్రావతి, పాపఘ్నిల తరువాతది చెయ్యేరు. దీనికి తల ఒకటి కాదు. మదనపల్లె ప్రాంతపు కొండల్లో మొదలై నిమ్మనపల్లె మీదుగా దిగివచ్చే బాహుదా ఒక పాయ, సుండుపల్లె వైపు నుంచి వచ్చే పింఛా మరొక పాయ. ఈ రెండూ రాయవరం దగ్గర కలిసిన తరువాతే చెయ్యేరన్న పేరు వాడుకలోకి వస్తుంది, అయితే చాలామంది మొత్తం నదినీ బాహుదా అనే పిలుస్తారు. రాయచోటి పక్కగా పారే మాండవ్య నది నీళ్లూ ఇందులోకే చేరతాయి. ఈ పాయలన్నీ పుట్టేది రాళ్లగుట్టలు, చిట్టడవులు, ఎర్రనేలలు ఉన్న మెట్ట ప్రాంతంలో. ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడి వంకల్లో ఇసుక, గులకరాళ్లు తప్ప నీటిచుక్క కనిపించదు.

అక్కడి నుంచి ఏరు పాలకొండల మధ్య ఇరుకైన సందు చేసుకొని తూర్పుకు వస్తుంది. ఎర్రచందనం పెరిగే ఈ కొండల వరుసే శేషాచలానికి కొనసాగింపు. ఆ సందు దగ్గర, బాదనగడ్డ వద్ద, అన్నమయ్య జలాశయం కట్టారు. కొండల్ని దాటగానే ఏరు ఒక్కసారిగా విప్పారి, విశాలమైన ఇసుక పరుపుతో రాజంపేట, నందలూరు, పెనగలూరు ప్రాంతాల మీదుగా సాగి, సోమశిల జలాశయపు వెనుక జలాల వైపు వెళ్లి పెన్నలో కలుస్తుంది. రైల్వేకోడూరు వైపు అడవుల్లో పుట్టిన గుంజనేరు, పుల్లంపేట పక్కగా వచ్చే పుల్లంగేరు కూడా దీనికి చేరే నీళ్లే. అందువల్ల మదనపల్లె కొండల మీద కురిసిన వాన నెల్లూరు కాలువల దాకా వెళ్లే దారిలో మేము మధ్యలో ఉన్నాం.

ఈ దారిలో ఎత్తుల తేడా గమనించండి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. రాజంపేట, నందలూరు 200 మీటర్లకు లోపే ఉన్నాయి. ఇంత ఎత్తు నుంచి కాస్త దూరంలోనే కిందికి దూకే నీరు నింపాదిగా రాదు. దానికి తోడు ఎగువ పరీవాహకం విసనకర్రలా విచ్చుకొని ఉంటుంది. ఆ రేకులన్నిటి మీదా ఒకే రాత్రి వాన పడితే అన్ని పాయల నీళ్లూ దాదాపు ఒకే సమయానికి కొండల సందు దగ్గరికి చేరతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి తమిళనాడు ఉత్తర తీరం దాటిన ప్రతిసారీ ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. నెలల తరబడి ఎండిన ఏరు చూసిచూసి, అది నది అన్న సంగతే మరచిపోవడం ఎవరికైనా సులువు. మా అనుభవంలో మరుపు ఖరీదు చాలా ఎక్కువ.

2021 నవంబరు 19న జరిగింది మీకు తెలుసు. ఆ తెల్లవారుజామున వాయుగుండం చెన్నై సమీపంలో తీరం దాటింది. పింఛా జలాశయపు కట్ట కొట్టుకుపోయింది, ఆ నీరూ తోడై అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగింది. అదనపు నీటిని కిందికి వదిలే స్పిల్‌వే సామర్థ్యం రెండు లక్షల పైచిలుకు క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు) కాగా వచ్చిన వరద మూడు లక్షలు దాటిందని అప్పట్లో ప్రకటించారు. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదన్న విషయం పత్రికల్లోనూ, తరువాత పార్లమెంటులోనూ ప్రస్తావనకు వచ్చింది. తొగురుపేట, మందపల్లి, పులపత్తూరు, గుండ్లూరు గ్రామాల్లో ఇళ్లు, పశువులు, మనుషులు కొట్టుకుపోయారు. ఆ రోజు కార్తీక పౌర్ణమి. దీపాలు పెట్టడానికి ఏటి ఒడ్డున గుడికి వెళ్లినవాళ్లు ఉన్నారు. ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణిస్తూ నీళ్లలో చిక్కుకున్నవాళ్లు ఉన్నారు. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. రాజంపేట, నందలూరు మధ్య రైలుకట్ట కోసుకుపోయి చెన్నై, ముంబై మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. ఆ వరద సోమశిల నిండా చేరి, నెల్లూరు జిల్లాలో జాతీయ రహదారిని, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలను కూడా తెంచింది.

దీనికి ఎవరు బాధ్యులన్న విచారణ ఈ లేఖ పని కాదు. ఏటి దారిని పట్టించుకోనందువల్ల మామూలు జనం మీద పడుతున్న భారాన్ని, దానికి మేము కోరుతున్న పరిష్కారాన్ని కింద వరుసగా రాస్తున్నాం.

1. వరద కబురు మా దాకా రావడం లేదు, వచ్చినా మాకు అర్థమయ్యే మాటల్లో రావడం లేదు.

వాన పడుతున్నది పైనున్న మండలాల్లో. మా ఊళ్లో ఆకాశం కాస్త తెరిపిచ్చినా ఏరు ముంచుకు రావచ్చు. అలాంటప్పుడు "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అన్న ఒక్క వాక్యం ఫోనులో వస్తే, ఏ ఇల్లు లోతట్టు, ఎంతసేపటిలో కదలాలి, ఎటు వెళ్లాలి అన్నది ఎవరికి తెలుస్తుంది? లక్ష క్యూసెక్కులు వదిలారంటే మా ఊళ్లో ముసలమ్మకు ఏం తెలుస్తుంది? నీళ్లు రామాలయం అరుగు దాకా వస్తాయా, బడి గేటు దాకా వస్తాయా, ఎస్సీ కాలనీ మొత్తం మునుగుతుందా అని చెబితే ఆమె తానే లేచి, మనవళ్లను లేపి, ఆవు పలుపు విప్పి బయలుదేరుతుంది. ఏటికి దగ్గరగా, పల్లంలో ఉన్న ఇళ్లలో ఎక్కువ భాగం కూలి కుటుంబాలవే. వాళ్లలో చాలామందికి రాత్రిపూట మోగే ఫోనే ఉండదు. కరెంటు పోయిందంటే ఉన్న ఫోన్లూ మూగబోతాయి.

కాబట్టి బాహుదా, పింఛా, మాండవ్య, గుంజనేరు, పుల్లంగేరు అన్నిటి మీదా నీటిమట్టం కొలిచే ఏర్పాటు ఉండాలి. ఒక్కో చోట మట్టం ఇంత చేరితే ఇన్ని గంటల్లో ఫలానా ఊరికి వరద చేరుతుందన్న లెక్కను ముందే కట్టి, పట్టికగా రాసి, ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద రంగుతో రాయించాలి. 2021 వరద గుర్తులు ఇంకా కొన్ని గోడల మీద ఉన్నాయి. సున్నం వేసి చెరిపేయకముందే వాటిని కొలిచి, ఊళ్లో ఏ స్థలం ఎంత లోతున మునిగిందో చూపే రాళ్లు పాతించండి. కరెంటుతో పనిలేకుండా మోగే సైరను, దండోరా వేసే మనిషి, తలదాచుకోవడానికి ముందే నిర్ణయించిన మెరక స్థలం, ఈ మూడూ ప్రతి ఒడ్డు గ్రామానికీ కావాలి. ఏటి మీది వంతెనల దగ్గర, చప్టాల దగ్గర వాహనాలను ఆపే అధికారం ఎవరిదో కూడా ముందే రాసిపెట్టాలి. బస్సు డ్రైవరు చీకట్లో నీటిని చూసి నిర్ణయించుకోవలసిన పరిస్థితి మళ్లీ రాకూడదు.

2. కట్టల భద్రత గురించి కట్ట కింద ఉన్నవాళ్లకే ఏమీ తెలియడం లేదు.

ఆనకట్టల భద్రత చట్టం 2021 డిసెంబరు 30న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నిర్దిష్ట ఎత్తుకు మించిన ప్రతి ఆనకట్టకూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి, కట్ట తెగితే ఏ ప్రాంతం మునుగుతుందో చూపే పటం ఉండాలి. మేము కోరేది ఆ ప్రణాళిక తెలుగులో, మా ఊరి పేర్లతో, మా చేతికి ఇవ్వమని. చెయ్యేటి పాయల మీద ఉన్న పెద్దా చిన్నా కట్టలన్నిటి గేట్లనూ ప్రతి ఏటా సెప్టెంబరు ముగిసేలోపు పైకెత్తి, దించి చూసి, ఆ నివేదికను గ్రామసభలో చదివి వినిపించండి. ఒక గేటు బిగుసుకుపోయి ఉంటే ఆ సంగతి వరద రాత్రి కాదు, ఎండాకాలంలోనే మాకూ తెలియాలి.

ఇకపై చెయ్యేటి మీద కట్టే ఏ కట్టకైనా, తిరిగి కట్టే ఏ కట్టకైనా, 2021లో వచ్చిన వరదను లెక్కలోకి తీసుకున్నారా, పై కట్ట తెగితే కింది కట్ట తట్టుకుంటుందా అన్న రెండు ప్రశ్నలకు బహిరంగంగా జవాబు చెప్పాలి. నీళ్లు వద్దని మేము అనడం లేదు. నీళ్లు లేకపోతే ఈ సీమలో ఏముంది? కట్ట ఎంత అవసరమో, ఆ కట్ట కింద నిద్రపోగలగడం అంతే అవసరం.

3. ఏరు దారి మార్చుకుంది, కాగితాలు మార్చుకోలేదు.

వరద తరువాత చాలాచోట్ల ఒడ్డు కోసుకుపోయి, నిన్నటి పొలం నేడు ఏరయింది. మరికొన్నిచోట్ల పొలాల మీద మోకాలి లోతు నుంచి నిలువెత్తు దాకా ఇసుక మేట వేసింది. అరటి, బొప్పాయి, పసుపు పండిన మడి మీద అడుగు పెడితే కాలు ఇసుకలో దిగబడుతుంది. అంచున వరల బావి పైవర మాత్రం బయటికి కనిపిస్తుంది, లోపల మోటారు, పైపులు అన్నీ ఇసుకలోనే ఉన్నాయి. అదే భూమి ఊరి భూముల, పంటల లెక్క రాసే అడంగల్‌లో మాత్రం ఇంకా మాగాణిగానే కనిపిస్తుంది. రైతు బ్యాంకుకు వెళితే మాగాణికి తీసుకున్న అప్పు కట్టమంటారు. పరిహారానికి వెళితే సర్వే కావాలంటారు. సర్వేకు వెళితే పాత గట్లు, రాళ్లు లేవు కాబట్టి కొలవలేమంటారు. కౌలుకు చేసినవాళ్ల గోడు మరీ అన్యాయం. పెట్టుబడి వాళ్లది, కాగితం మీద పేరు వాళ్లది కాదు.

రాయవరం సంగమం నుంచి పెన్నలో కలిసే దాకా ఏటి రెండు ఒడ్డులనూ ఇప్పటి స్థితిలో కొత్తగా కొలిచి, పాత గ్రామ పటాలతో సరిపోల్చి, ఏరు పోరంబోకు ఎక్కడిదాకానో, పట్టా భూమి ఎక్కడి నుంచో రాళ్లు పాతి చూపండి. ఏట్లో కలిసిపోయిన పట్టా భూములకు వేరొకచోట భూమి గానీ, ధర గానీ ఇవ్వండి. మేట తొలగించుకోవడానికి రైతుకు ఖర్చులు ఇవ్వండి, ఆ ఇసుకను తన పొలంలోంచి తీసుకుపోయే హక్కు రైతుకే ఉండేలా స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి. ఇలా కొలిచేటప్పుడు ఏట్లోకి జరిగి సాగు చేస్తున్నవాళ్లు మాలో ఉంటే వాళ్లనూ గుర్తించండి. మా వైపు తప్పును దాచమని మేము అడగడం లేదు.

4. ఇసుక పోతే నీళ్లు పోతాయి.

చెయ్యేట్లో పైకి కనిపించే నీరు కొద్ది రోజులే. మిగతా ఏడాదంతా మేము తాగేదీ, పారించేదీ ఇసుక పట్టి ఉంచిన నీటినే. ఎండాకాలంలో ఏట్లో చెలమ తీస్తే మోచేతి లోతున తేటనీళ్లు ఊరిన రోజులు మా పెద్దవాళ్లకు గుర్తున్నాయి. ఇసుకలోంచి ఊటకాలువ తవ్వి పొలాలకు మళ్లించుకోవడం ఈ ప్రాంతపు పాత పద్ధతి. ఊళ్ల మంచినీటి పథకాల బావులు, బోర్లు చాలావరకు ఈ ఇసుక పరుపులోనే ఉన్నాయి. జేసీబీలతో బంకమట్టి కనిపించే దాకా తోడేసిన చోట వాన వచ్చినా నీరు నిలవదు, జారిపోతుంది. ఒడ్డున బోరు ఎండిపోతుంది. అప్పుడు రైతు అప్పు చేసి మరింత లోతుకు వేయిస్తాడు, ఆడవాళ్లు ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి ఎదురుచూస్తారు.

వంతెనలు, ఆనకట్టలు, మంచినీటి బావులు ఉన్న చోట 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నియమాలే చెబుతున్నాయి. ఆ హద్దును ఏట్లో కనిపించేలా గుర్తులు పెట్టి చూపండి. ఇసుక తవ్వే ఒక రీచ్‌కు అనుమతి ఇచ్చే ముందు అక్కడ ఇసుక లోతు ఎంత, గత వరదకు ఎంత చేరింది, పక్క ఊరి బావి మట్టం ఎంత అన్న లెక్క ఆ ఊరి గ్రామసభ ముందు పెట్టండి. ఎగువ కట్టల వల్ల కొత్త ఇసుక రాక ఎంత తగ్గిందో కూడా ఆ లెక్కలో ఉండాలి. రాకను చూడకుండా పోకకు మాత్రమే అనుమతులు ఇస్తూ పోతే పరుపు మిగలదు. రాత్రి లారీల గురించి ఫిర్యాదు చేసినవారి పేరు గంటలో లారీ యజమానికి తెలిసిపోతోంది, ఇది ఆగాలి.

5. పేరులేని వంకలు.

పెద్ద ఏటిని మింగేసే ధైర్యం ఎవరికీ చాలదు, దానికి నీళ్లు తెచ్చే వంకలను మాత్రం ఒక్కొక్కటిగా మింగేస్తున్నారు. చెరువు మొరవ (అలుగు) నుంచి కిందికి దిగే కాలువ మీద ప్లాట్లు పడుతున్నాయి, రోడ్డు వేసినచోట రెండు సిమెంటు గొట్టాలు పెట్టి వంకను సరిపెడుతున్నారు. వాన గట్టిగా పడినప్పుడు ఆ నీరు దారి దొరక్క ఇళ్లలోకి వస్తుంది. ఏ వంక ఏ చెరువు నుంచి వచ్చి ఎక్కడ ఏటిలో కలుస్తుందో ఊరి పేరుతో సహా ఒకే పటం మీదికి ఎక్కించండి. పటం మీద లేనిదాన్ని కాపాడమని ఏ అధికారినైనా మేము ఏ ఆధారంతో అడగాలి?

6. ఒడ్డున ఉన్న పాతవైభవం.

అత్తిరాల పరశురామాలయం, శివరాత్రి తిరునాళ్ల, నందలూరు సౌమ్యనాథాలయం, దగ్గరలోని బౌద్ధ శిథిలాలు, అన్నమాచార్యుల తాళ్లపాక ఈ ఏటి చుట్టుపక్కలవే. తిరునాళ్లకు వచ్చే వేల జనానికి ఏటి లోతు, గుంతలు ఎక్కడున్నాయో తెలియదు. ఇసుక తవ్విన గుంతల్లో పిల్లలు మునిగే ప్రమాదం ఉంది. స్నానఘట్టాల దగ్గర హెచ్చరిక బోర్డులు, ఈతగాళ్లు ఉండాలి. ఇది పెద్ద ఖర్చు కాదు.

ఈ ఆరు విషయాల్లో ఏదీ ఒకే కార్యాలయం చేయగలిగింది కాదని మాకు తెలుసు. అందుకే అన్నిటికంటే ముందు అడిగేది ఇది: బాహుదా, పింఛా, మాండవ్య పుట్టిన చోటి నుంచి పెన్న దాకా మొత్తం చెయ్యేటికి ఒక ఉన్నతాధికారిని బాధ్యునిగా ఉత్తర్వు ద్వారా నియమించండి. జిల్లాల హద్దులు ఎన్నిసార్లు మారినా ఆ బాధ్యత మారకూడదు. ఆ అధికారి వద్ద జలవనరులు, రెవెన్యూ, గనులు, రోడ్లు, రైల్వే ప్రతినిధులతో పాటు ఎగువ, దిగువ గ్రామాల రైతులు, కూలీలు, మహిళా సంఘాల సభ్యులు కూర్చునే సంఘం ఉండాలి. అది ఏడాదికి రెండుసార్లు, ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి ఈశాన్య రుతుపవనాలకు ముందు, ఏటి ఒడ్డున ఏదో ఒక ఊళ్లో సమావేశం కావాలి. ఎగువ రైతు తన చెరువు నింపుకొనే హక్కూ, దిగువ రైతు తన బోరు ఎండకుండా చూసుకొనే హక్కూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవలసినవి. మదనపల్లె వాళ్లతో మాకు తగువు లేదు, ఇన్నేళ్లుగా ఒకరి మొహం ఒకరం చూసుకునే వేదిక లేకపోవడమే మా ఫిర్యాదు.

పైన చెప్పినవాటిలో కొన్నిటికి డబ్బు, సమయం కావాలి. సర్వేకు, నీటిమట్టం కొలిచే గేజీలకు, భూమి పరిహారానికి ఎంత గడువు కావాలో మీరే చెప్పండి, మేము ఆగుతాం. కానీ వరద పట్టిక గోడ మీద రాయించడానికి, గేట్ల నివేదిక చదివి వినిపించడానికి, 500 మీటర్ల హద్దు గుర్తులు పెట్టడానికి, మెరక స్థలం ఏదో నిర్ణయించడానికి వచ్చే అక్టోబరు లోపు గడువు చాలు. ఈ నాలుగిటిలో ఏది చేస్తారో, ఏది చేయలేరో, చేయలేకపోతే కారణమేమిటో లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఆ జవాబును ఒడ్డు గ్రామాలన్నిటి గ్రామసభల్లో చదివిస్తాం. పరిధి మాది కాదన్న జవాబే మళ్లీ వస్తే, ఆ పరిధి ఎవరిదో పేరు, హోదాతో సహా రాయమని కోరుతున్నాం, అర్జీ ఈసారి నేరుగా వారికే ఇస్తాం.

ఇట్లు,
చెయ్యేటి ఒడ్డు గ్రామాల రైతులు, కౌలుదారులు, కూలీల తరఫున